కాయిల్‌కు చెద్దరు కప్పిన ఎండకాలం

మామ హైవే మీద రెండో షెడ్డు పెడుతున్నడని తెల్సిన్నాడే అది నాదే అనుకున్న. మామ గట్ల చెప్పలె. ఎవ్వలు చెప్పలె. నేనే అనుకున్న.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆర్మూర్ల మార్కెట్ యార్డుకు పోయే తొవ్వల ఆయనకు కార్ల షెడ్డు ఉన్నది. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలే, ఇద్దరు చదువుకుంటున్నరు, గ్రీజు దిక్కు కన్నెత్తి చూడరు. నేనేమో హైదరాబాద్ల పుట్టి పెరిగిన, ఆటోమొబైల్ డిప్లొమా చేసిన. రెండు షోరూముల్ల పనికి పోయిన, రెండిట్ల సూపర్‌వైజర్లతోని లొల్లి పెట్టుకొని బయటికొచ్చిన. అమ్మ ఏడ్సుకుంట తమ్మునికి ఫోన్ చేసింది. మామ "పంపు అక్కా, నా కండ్ల ముంగట ఉంటడు" అన్నడు. నేను బస్సు ఎక్కిన. మనసుల మాత్రం నేర్చుకునేది ఏం లేదు, ఇగ నడిపించుడే అన్న లెక్కల ఉన్న.

షెడ్డుల నాకన్న ముందు నుంచి ఒకాయన ఉన్నడు. బాల్కొండాయన. మస్కట్ల గ్యారేజిల ఎనిమిదేండ్లు చేసి వచ్చిండు, అందుకే అందరు ఆయన్ని మస్కట్ అనే పిలుస్తరు. నాకన్న పదేండ్లు పెద్ద. ముఖం మీద అన్నా అంటుంటి, ఫోన్ల మాత్రం నంబరు 'తలనొప్పి' అని సేవ్ చేసుకున్న.

తలనొప్పి మొదటి దినమే షురూ అయ్యింది. ఒక పెట్రోల్ కారు వచ్చింది, వేడెక్కినంక జెర్కులు కొడుతున్నదని. నేను స్కానర్ పెట్టిన, ఫోన్ల యాప్‌తోని కలిపిన, మూడో సిలిండర్‌ల మిస్‌ఫైర్, అంటే నిప్పు సరిగ్గ అంటుకుంటలేదని, ఎర్రగ చూపిచ్చింది. అందరికి వినబడేటట్టు చదివిన. మస్కట్ బండి దగ్గరికి వచ్చిండు. ఇంజన్ మీది ప్లాస్టిక్ మూత తీసిండు. నాలుగు కాయిల్‌లు వరుసగ ఉన్నయి. కాయిల్ అంటే ప్లగ్గు మీద కూసునే వేలెడంత డబ్బ, బ్యాటరీ కరెంటును వేల వోల్టులు చేసి ప్లగ్గుకు నిప్పు రవ్వ ఇస్తది. మస్కట్ ముంజేతి వెనక దిక్కు ఒక్కొక్క కాయిల్‌కు ఆనిచ్చి చూసిండు.

"నడిమి రెండు మస్తు కాలుతున్నయ్," అన్నడు.

"స్కానర్ అదే కదనే చెప్పేది!"

"స్కానర్ ఏది సచ్చిందో చెప్తది తమ్మి. ఎందుకు సచ్చిందో చెప్పదు."

మామ పడీ పడీ నవ్విండు. గా మాటను వారం దినాలు వచ్చినోళ్లకు పోయినోళ్లకు చెప్పుకున్నడు. చాయ్ తాగేటోడు, పంక్చర్‌కు వచ్చినోడు, ఎవ్వల్ని వదల్లె. చెప్పినప్పుడల్ల నా దిక్కు చూసుడు. నాకు కడుపుల పచ్చి మిరపకాయ తిన్నట్టు అయ్యేది.

ఇంకోటి చెప్తే నవ్వుతరు. నేను స్కానర్‌తోని పని చేసే వీడియో ఒకటి తీసి పెట్టిన. మంచి మ్యూజిక్ ఏసిన, కటింగ్ చేసిన. కింద కామెంట్లు ఏమొచ్చినయంటే, "వెనుక ముంజేయి ఆనిచ్చి చూసే అన్న ఎవరు బ్రో?" ఒకటి కాదు, మూడు నాలుగు. డిలీట్ చేసిన.

మామ నన్ను అల్లుడా అంటడు. మస్కట్‌ను కొడుకా అంటడు. పిలుపుల ఏమున్నదని అనిపిస్తది గని, రోజుకు ఇరవై సార్లు వింటే తెలుస్తది. అత్తమ్మ ఇంటి నుంచి జొన్న రొట్టెలు పంపితే మామ ముందుగాల్ల మెత్తటి రెండు రొట్టెలు తీసి పక్కకు పెట్టేటోడు. "నా కొడుకుకు పన్ను నొస్తుంది." పన్ను నాకు గూడ నొచ్చింది ఒకసారి. చెప్పినంక, "లవంగం పెట్టుకో" అన్నడు.

ఇగ ఎండకాలం వచ్చింది. ఆర్మూర్ల మార్చి, ఏప్రిల్ అంటే పసుపే. ఊర్లల్ల ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములల్ల ఏసి తిప్పి పాలిష్ పడుతరు, పైపొట్టు దుమ్మై లేస్తది. యార్డు దగ్గర బండి పెడితే అద్దం మీద వేలుతోని పేరు రాయచ్చు. అద్దం మీదిది తుడిస్తే పోతది. బానెట్ కిందికి పోయిందే పోదు. ఇంజన్ మీద జర ఆయిల్ తడి ఉన్నకాడ అంటుకొని రొట్టె లెక్క పేరుకుంటది. కాయిల్‌ల సుట్టు గట్ల పేరుకుంటే వేడి బయటికి పోదు. కాయిల్ లోపల సన్న రాగి తీగ ఉంటది, దాని సుట్టు లప్పం అసుంటిది నింపుతరు. వేడికి గా లప్పం పగుల్తది, కరెంటు పోవాల్సిన తొవ్వల పోక పక్కకు దుంకుతది. బండి దగ్గుతది.

గా సీజన్‌ల మాకు అందరికన్న ఎక్కువ వచ్చిన బండి సేటుది. సేటు పసుపు కొంటడు, పొద్దందాక యార్డులనే ఉంటడు, బండి పాలిష్ డ్రమ్ముల పక్కనే పెడుతడు. హైవే మీద మామ తీసుకునే జాగ గూడ సేటుదే. మామ ఒకనాడు చేతులు కడుక్కుంట అన్నడు, "జాగ ఆయనది. ఆయన ఎవ్వల మీద భరోసా పెడితే వాళ్లనే గాడ కూసోబెడుత." మస్కట్ తల ఊపిండు. నేను గూడ ఊపిన. గప్పటి నుంచి సేటు బండి షెడ్డులకు వస్తుంటే నాకు పెండ్లి చూపులకు వచ్చిన కారు లెక్క కనవడేది.

మస్కట్ సేటు కారుకు ఏం చేసిండు? సన్న బ్రష్‌తోని పసుపు రొట్టె గీకిండు, గాలి కొట్టిండు, ఒక కాయిల్ మార్చిండు. నీళ్ల ప్రెషర్ కొట్టనియ్యలె. ఆఖరికి సేటుకు చెప్పిండు:

"సేట్, దూరం పోయొచ్చి బండి ఆపంగనే బానెట్ ఎత్తి పెట్టు, పది నిమిషాలు. ఇంజన్ బంద్ అయినంక నీళ్లు తిరుగవు, ఫ్యాన్ తిరుగదు. వేడంత మీదికొచ్చి కాయిల్‌ల మీదనే కూసుంటది. నడిచేటప్పటి కన్న ఆపినప్పుడే ఎక్కువ కాలుతయి."

"ఏందిరా భై," అన్నడు సేటు. "యార్డు నడిమిట్ల నేను బానెట్ ఎత్తుకొని నిలవడాల్నా? సేటు బండి ఆగమైందని రైతులు నవ్వుతరు. వేరే ఏదన్న చెప్పు."

"వేరే ఏమున్నది సేట్. వేడికి తొవ్వ ఇయ్యాలె."

సేటు మూతి ముడుసుకొని పోయిండు. నాకు ఎంత సంతోషమైందో! ఎనిమిదేండ్లు మస్కట్ల ఉండి వచ్చి బానెట్ ఎత్తుమని చెప్పుడా? గా రాత్రి అన్నం తినుకుంటనే ఫోన్ల వెతికిన. ఏదో దేశపోడు, ఇంగ్లీష్‌ల చెప్తున్నడు, పాత రేసు కారుకు వెండి రంగు షీట్ పెడుతున్నడు. ఒక దిక్కు తళతళ మెరుస్తది, ఇంకో దిక్కు దూది లెక్క మెత్తగ. వేడిని వెనుకకు తిప్పి కొడ్తదంట. పొగ పోయే గొట్టానికి, కాయిల్‌లకు నడిమిట్ల అడ్డం పెట్టిండు. రెండు సార్లు చూసిన, ఆర్డర్ కొట్టిన.

సేటు కారు మళ్ల వచ్చింది. ఇంకో కాయిల్ పోయింది. మస్కట్ మార్చిండు, మూత నన్ను పెట్టుమని చెప్పి అన్నానికి పోయిండు. మామ వేరే బండి కింద ఉన్నడు. నేను షీట్ తీసిన.

వీడియోల చూపిచ్చిన జాగ సేటు కార్ల లేదు. గొట్టం ఇరుకు సందుల ఉన్నది, చేయి పట్టదు. పెట్టబోతే మణికట్టు కాలింది. తిట్టిన. రెండోసారి పెట్టబోతే మళ్ల గాడనే కాలింది. ఇగ తిక్క లేసింది. షీట్‌ను కాయిల్‌ల మీద పరిసిన, చుట్టుపక్కల కిందికి కుక్కిన, దాని మీద ప్లాస్టిక్ మూత పెట్టి మోకాలితోని ఒత్తి బోల్టులు బిగించిన. మంచిదే అయ్యింది అనుకున్న, వేడి రాదు, పసుపు దుమ్ము గూడ లోపలికి పోదు. షీట్ పరువక ముందు ఒక ఫోటో తీసుకున్న, పరిసినంక మూత పెట్టక ముందు ఒకటి. మామకు చెప్పలె. మస్కట్‌కు అస్సలే చెప్పలె. వారం దినాలు బండి మంచిగ నడిచినంక, సేటు ముంగట, అందరి ముంగట, ఫోటోలు చూపిచ్చి చెప్దామనుకున్న. చెప్పే మాటలు గూడ తయారు చేసుకున్న.

వారం దాకా ఎక్కడ! నాలుగో దినం పగటీలి మామ ఫోన్ మోగింది. అవుతలి దిక్కు సేటు అరుపులు నాకు గూడ వినవడుతున్నయ్. నిజామాబాద్ పోయి వస్తున్నడు, మాక్లూర్ల చుట్టాలింట్ల ఆగి అన్నం తిన్నడు, బయటికొచ్చి స్టార్ట్ చేస్తే రెండు దగ్గులు దగ్గి నిలవడ్డది. మామ ట్రాక్టర్ పంపిండు. తాడు కట్టి గుంజుకొచ్చిన్రు.

సేటు దిగుడు దిగుడే మస్కట్ మీద వడ్డడు.

"ఏం పని చేసినవయ్యా? నాలుగొద్దులు గాలె కాయిల్ మార్చి! బానెట్ ఎత్తుకొమ్మని నాకు సుద్దులు చెప్తివి. చుట్టాల ముంగట ట్రాక్టర్‌కు కట్టేసుకొని వచ్చిన, ఎడ్లను తోలుకొచ్చినట్టు!"

మామ మస్కట్ దిక్కు చూసిండు. కొడుకా అనలె. "ఏమైంది? చూడు," అన్నడు గంతే.

అబద్ధం ఎందుకు చెప్పాలె, నాకు మస్తు అనిపిచ్చింది. ఎండల చెరుకు రసం తాగినట్టు. పాపం అనుకోవాలె కదా. అనుకోలె. మామ గా చూపు నా మీద ఎన్నిసార్లు చూసిండు, ఒక్కసారి ఆయన మీద చూస్తే నా కడుపు సల్లవడ్డది.

మస్కట్ మూత బోల్టులు ఇప్పుతుంటే గప్పుడు యాదికొచ్చింది. లోపల షీట్ ఉన్నది.

అంతదాక నేను షీట్ గురించి ఆలోచించనే లేదు. కాయిల్‌ది కంపెనీ మాల్ ఖరాబ్ అనుకున్న, మస్కట్ ప్లగ్గు సరిగ్గ బిగించలె అనుకున్న. షీట్ మంచిదే కదా, వేడిని ఆపేది కదా. మూత లేసింది. ఇంతసేపైనా షీట్ కింద వేడి పోలె, గుప్పున ముఖానికి కొట్టింది. షీట్ మెత్తటి దిక్కు గోధుమ రంగు అయ్యింది, అంచు మాడిన వాసన. మస్కట్ చేయి పెట్టబోయి వెనుకకు గుంజుకున్నడు. అప్పుడు సమజైంది నాకు. వేడి కింది నుంచి వస్తున్నది. నేను పైన మూసిన. కాయిల్‌లను చలికాలం ముసలోళ్లను పండబెట్టినట్టు చెద్దరు కప్పి పండబెట్టిన, ఏప్రిల్‌ల.

మస్కట్ షీట్‌ను చూసిండు. మామను చూసిండు. మళ్ల షీట్‌ను చూసిండు. నేను ఫోన్ తీసి ఏదో చూస్తున్నట్టు చేసిన, స్క్రీన్ ఆన్ గూడ లేదు. ఎవలు పెట్టిన్రు అని అడుగుతడు, ఇగ అడుగుతడు అని చెవులు పెట్టి కూసున్న. అడుగలె. షీట్ తీసి పక్కకు పెట్టిండు. మూత పెట్టకుంట బండిని గట్లనే ఇడిసిపెట్టిండు. అర్ధగంటకు జర సల్లవడ్డది. పగిలిన కాయిల్ తీసి కొత్తది పెట్టిండు.

గంతటితోని ఆగలె మస్కట్. పాత డబ్బా రేకు ఒకటి తెచ్చిండు. కత్తెర తోని షీట్‌ను జానెడు వెడల్పు కోసిండు, రేకుకు అతికిచ్చి వంచిండు. కారు కిందికి పోయి కింది నుంచి చేయి పెట్టి, పొగ గొట్టానికి కాయిల్‌లకు నడిమిట్ల నిలవెట్టిండు. మెరిసే దిక్కు గొట్టం దిక్కు. దేనికి ఆనకుంట వేలెడు సందు ఇడిసిండు. నాకు చేయి పట్టని జాగల ఆయనకు కింది నుంచి తొవ్వ దొరికింది. నేను కిందికి పోవాలె అని గూడ అనుకోలె.

సేటును ఎక్కిచ్చుకొని హైవే మీద పెర్కిట్ దాటి పోయి వచ్చిండు. బండి ఆపిండు. చాయ్ తెప్పిచ్చిండు. బానెట్ ఎత్తలె. అందరు చాయ్ తాగిన్రు, ఇరవై నిమిషాలు కూసున్నరు. సేటు తాళం తిప్పిండు. గక్కున స్టార్ట్ అయ్యింది. దగ్గు లేదు, జెర్కు లేదు.

"అరె వారెవ్వా!" అన్నడు సేటు. "ముందుగాల్లనే గిట్ల చెయ్యరాదా? ఏమో షీట్ ఉన్నది, రేకు ఉన్నది. బానెట్ ఎత్తుమనుడు ఎందుకు?"

మామ మస్కట్ భుజం మీద చెయ్యేసిండు. "గీ సీజన్‌ల యార్డు బండ్లన్నిటికి గిట్లనే పెడుదాం కొడుకా. హైవే షెడ్డుల మన స్పెషల్ గిదే. ఏం తెలివిరా నీది! షీట్ పెట్టాల్నని ఎవ్వనికి తడుతది?"

నేను గాడ నోరు మూసుకొని ఉంటే అయిపోతుండె. నా తప్పు ఎవ్వలకు తెల్వదు. కాయిల్ పోయింది, కొత్తది వచ్చింది, సేటు ఖుషీ. మళ్ల వారం రెండు వారాలకు నా వంతు వస్తుండె. గిదంత ఇప్పుడు తెలుస్తుంది. గప్పుడు నా చెవులల్ల 'ఏం తెలివిరా నీది' ఒక్కటే మోగుతున్నది. నా షీట్. నా ఆర్డర్. నా మణికట్టు మీద బొబ్బ ఇంక మానలె.

"గా షీట్ నాది!" అన్న. అన్నుడు గాదు, ఒర్లిన. "నేను తెప్పిచ్చిన! ఐడియా నాది! నేను పెట్టిన సేటు బండికి, గీన గాదు! ఇగో ఫోటో, చూడున్రి!"

ఫోన్ అందరి ముంగటికి పట్టిన. ఫోటో మంచిగ వచ్చింది. కాయిల్‌ల మీద షీట్ పరిసి ఉన్నది, నా బొటన వేలు ఒక మూలకు.

 మామ ఫోన్ నా చేతులకెళ్లి తీసుకొని దగ్గరికి పట్టుకొని చూసిండు.

"నువ్వా?"

"ఆ. నేనే."

"గిట్ల పైనకెళ్లి కప్పినవా?"

గప్పుడు నా నోరు నాకు వినవడ్డది.

సేటు ముందుగాల్ల నవ్విండు. "ఓ మిస్త్రీ, నీ అల్లుడు కాయిల్‌కు చలి వెడుతదని చెద్దరు కప్పిండయ్యా! ఒక మెత్త గూడ పెట్టకపోయినవా అల్లుడా, తలకాయ కింద?" ట్రాక్టర్ తోలుకొచ్చినాయన గూడ నవ్విండు. నా ముఖం ఎంత కాలిందో, దాని మీద రొట్టె ఏస్తే పొంగుతుండె.

"నీకు తెలుసు!" మస్కట్ మీదికి పోయిన. "మూత తీసినప్పుడే తెలుసు నీకు! ఎందుకు చెప్పలె? మంచోనివి అనిపిచ్చుకుందామనా?"

మస్కట్ చేతులు గుడ్డకు తుడుసుకుంట మామ దిక్కు ఓర కంట చూసిండు. "నువ్వు పెట్టినవని నాకేం ఎరుక తమ్మి? మీ మామ పెట్టిండేమో అనుకున్న. సేటు ముంగట మిస్త్రీ తప్పు తీస్తే నా నౌకరి ఉంటదా?"

గీసారి మామ గూడ నవ్విండు. నవ్వి ఆగిండు. నా దిక్కు తిరిగిండు.

"అల్లుడా, ఒకటి అడుగుత. తప్పైందని చెప్పినవా, షీట్ నాదని చెప్పినవా?"

నేను మణికట్టు మీది బొబ్బను చూసుకుంట నిలవడ్డ. 

"ఆయన తెల్వకనే నీ తప్పు కప్పి పెట్టిండు. నువ్వు ఆయనకు వచ్చిన పేరు చూసి ఓర్వలేక, నీ తప్పు నువ్వే బయట పెట్టుకున్నవు. గంత కడుపు మంట తోని హైవే మీద షెడ్డు ఎట్ల నడుపుతవ్ బిడ్డా? గాడ అన్ని రాష్ట్రాల బండ్లు వస్తయ్. రోజు ఎవనికో ఒకనికి పేరు వస్తది."

సేటు గాడనే, నవ్వు ఆపుకుంట, "నా జాగల మస్కటే ఉంటడు మిస్త్రీ" అన్నడు. అయిపాయె.

ఇంటికి పోయి బ్యాగు సదురుకున్న. హైదరాబాద్ బస్సు టికెట్ ఫోన్ల బుక్ చేసిన. అత్తమ్మ గుమ్మంల నిలవడి, "పోతే పో, అన్నం తిని పో" అన్నది. తిన్న. తినుకుంట అమ్మ ముఖం యాదికొచ్చింది, మూడోసారి గూడ లొల్లి పెట్టుకొని వచ్చినవా అని అడిగే ముఖం. టికెట్ క్యాన్సిల్ చేసిన. పొద్దుగాల షెడ్డుకు పోతే మామ ఖరాబైన ఆల్టర్నేటర్ ఒకటి నా ముంగట పెట్టిండు. ఇప్పిన.

హైవే షెడ్డు మస్కట్‌కే పోయింది. ముగ్గు ఏసి కొబ్బరికాయ కొట్టినప్పుడు నేను గూడ ఉన్న, ఫోటోలు నన్నే తియ్యమన్నరు. తీసిన. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. పగలకపోతే బాగుండు అని అనుకున్న, దాచుకునుడెందుకు.

షీట్ మాత్రం ఆర్మూర్ల మస్తు నడిచింది. యార్డు బండ్లు, మక్కలు కొనేటోళ్ల బండ్లు, పెండ్లి కార్లు గూడ వస్తున్నయ్. పాత షెడ్డుల పెట్టేది నేనే. కారు కిందికి పోయి, కింది నుంచి చేయి పెట్టి, రేకు వంచి, వేలెడు సందు ఇడిసి. ఇప్పుడు కండ్లు మూసుకొని పెడుత. రోల్‌లు ఆర్డర్ చేసేది గూడ నేనే, నా ఫోన్ల నుంచే. ఇంజన్ ఆపి ఇరవై నిమిషాలు కూసొని మళ్ల స్టార్ట్ చేసి చూపిచ్చినంకనే బండి ఇస్త.

నిన్న ఇందల్వాయి నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. "అన్నా, గా వేడి ఆపే షీట్, మస్కట్ షీట్ అంటరు కదా, మీ దగ్గర ఏస్తరా?"

ఊరంత దానికి గదే పేరు వెట్టింది. షీట్ మస్కట్ నుంచే వస్తదని అనుకునేటోళ్లు గూడ ఉన్నరు.  నాలుక మీద చానా మాటలు వచ్చినయ్. అవుతలాయన "హలో, హలో" అంటున్నడు.

"ఏస్తం," అన్న. "మస్కట్ షీటే. పొద్దుగాల రా, ఇంజన్ జర సల్లారినంక ఏస్త."